మాత్ర వేసుకుంటున్నా నీరసం తగ్గలేదన్న చెల్లికి: హైపోథైరాయిడ్‌తో 17 ఏళ్ళ అనుభవం నుంచి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఐదు నెలల క్రితం థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 62 అని తేలింది, థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి ఇప్పుడు 75 వేసుకుంటున్నారు, మూడు వారాల క్రితం పరీక్షలో 3.4 వచ్చింది, డాక్టరుగారు అంతా నార్మల్ అన్నారు, ఇంట్లోవాళ్ళూ అదే మాట పట్టుకున్నారు. మీకేమో మధ్యాహ్నానికల్లా ఒళ్ళు బరువెక్కిపోతోంది, దువ్వెన నిండా జుట్టు వస్తోంది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెప్పబోయారో మర్చిపోతున్నారు. పిల్లల కోసం చూస్తున్నామని కూడా మధ్యలో ఒక్క ముక్క రాశారు. "ఇదంతా నా ఊహేనా, జీవితాంతం మాత్ర తప్పదా, నా బాధ అర్థమయ్యే మనిషి ఒక్కరైనా ఎక్కడ దొరుకుతారు" అని అడిగారు.

ఊహ కాదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. నేను డాక్టర్ని కాను, థైరాయిడ్ గ్రంథి మందగించే ఈ జబ్బుతో 17 ఏళ్ళుగా ఉన్నదాన్ని, నాలాంటి మరికొందరితో నెలనెలా కలిసి కూర్చునేదాన్ని. మీకు రాసేది ఆ రెండిట్లోంచి వచ్చిందే.

నీరసం సంగతి. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది, అది మెడలోని థైరాయిడ్‌ను "పని చెయ్యి" అని తరిమే హార్మోనే టీఎస్‌హెచ్. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ గట్టిగా కేకలు పెడుతుంది, అందుకే అంకె పెరుగుతుంది. మీది 62 అంటే ఆ కేకలు చాలాకాలంగానే సాగుతున్నాయని అర్థం. బహుశా జబ్బు బయటపడటానికి ఎన్నో నెలల ముందునుంచే శరీరం తక్కువ హార్మోనుతో నెట్టుకొస్తూ ఉంటుంది. మాత్రలో ఉండే థైరాక్సిన్ అనే థైరాయిడ్ హార్మోను రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది, డోసు మార్చాక ఒక స్థాయిలో నిలదొక్కుకోవడానికి ఐదారు వారాలు కావాలి. పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చేయించమనేది అందుకే. కానీ అంకె దారికి రాగానే కండరాలు, చర్మం, జుట్టు, జ్ఞాపకశక్తి అదే రోజు దారికి రావు. నాకు మలబద్ధకం, చలి మొదట తగ్గాయి, మొహం ఉబ్బు ఆ తర్వాత, మతిమరుపు పోవడానికి మాత్రం ఏడెనిమిది నెలలు పట్టింది. జుట్టు అందరికంటే ఆఖరు. ఇవాళ ఊడే వెంట్రుక రెండు మూడు నెలల క్రితమే ఊడాలని నిర్ణయమైపోయిన వెంట్రుక, కాబట్టి దాన్ని చూసి మందు పని చేయట్లేదని అనుకోకండి.

అయితే నెమ్మదిగా తగ్గుతుందిలే అని చేతులు ముడుచుకుని కూర్చోమని కూడా నేను చెప్పను. టీఎస్‌హెచ్ బాగున్నా నీరసం పోనివాళ్ళు ఉన్నారు, ఇది డాక్టర్లు కూడా ఒప్పుకునే సంగతే. అలాంటప్పుడు థైరాయిడ్ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకుండా పక్కన ఇంకేమైనా ఉందా అని వెతకాలి. హైపోథైరాయిడ్‌లో నెలసరి ఎక్కువగా అవుతుంది, దాంతో ఇనుము నిల్వలు అడుగంటుతాయి, హిమోగ్లోబిన్ పర్వాలేదనిపించినా ఆ నిల్వల్ని చూపే ఫెర్రిటిన్ బాగా తక్కువ ఉండొచ్చు. దానివల్ల వచ్చే నీరసం, జుట్టు ఊడటం అచ్చం థైరాయిడ్ లక్షణాల్లాగే ఉంటాయి. విటమిన్ బీ12 కూడా చూడాలి, ఎందుకంటే మన జబ్బుకి ఎక్కువమందిలో కారణం హషిమోటో అనే ఆటోఇమ్యూన్ సమస్య, అంటే మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను శత్రువనుకుని దెబ్బతీయడం. అలా ఒక అవయవం మీదికి వెళ్ళిన శరీరం కొందరిలో మరోదాని మీదికీ వెళ్తుంది, బీ12 ఒంటబట్టకపోవడం, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్, టైప్ 1 మధుమేహం ఇలా వస్తాయి. అందరికీ వస్తాయని కాదు, అడిగి చూపించుకుంటే అనుమానం తీరుతుందని. రాత్రి గురక పెడుతూ ఉలిక్కిపడి లేస్తుంటే అదీ చెప్పాలి. మనసు అదే పనిగా దిగులుగా ఉంటే, ఏడుపు ఆగకపోతే, దాచుకోకుండా అదీ చెప్పాలి. దిగులు ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి, మీ బలహీనత కాదు.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయం. పిల్లల కోసం చూస్తున్నట్టు మీ డాక్టరుగారికి చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే చెప్పండి. 3.4 మామూలు మనిషికి నార్మలే, చాలా ల్యాబుల్లో పై హద్దు 4 చుట్టుపక్కల ఉంటుంది. కానీ థైరాక్సిన్ వాడుతూ గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి 2.5 లోపు ఉంచాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. మీ డాక్టరుగారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, మీరు పిల్లల కోసం చూస్తున్నట్టు తెలియకపోయి ఉండొచ్చు, అంతే. గర్భం వచ్చాక తొలి నెలల్లో బిడ్డకు సొంత థైరాయిడ్ ఇంకా పని మొదలుపెట్టదు, మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను తల్లి నుంచే అందాలి. అందుకే తల్లికి అవసరం పావు వంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. నెలసరి తప్పి పరీక్షలో గర్భం అని తేలిన రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. చాలామందికి వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమని ముందే చెప్పి ఉంచుతారు, మీకు ఎలాగో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. గర్భం సగం దాటేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది, కాన్పు అయ్యాక డోసు మళ్ళీ పాత స్థాయికి తగ్గుతుంది. ఇదంతా చదివి భయపడకండి. మా కూటంలో మాత్ర వేసుకుంటూనే పిల్లల్ని కన్నవాళ్ళు నలుగురున్నారు.

జీవితాంతమా అని అడిగారు. హషిమోటో అయితే చాలామందికి అవును. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు లాంటివి కొందరిలో వాటంతటవే సర్దుకుంటాయి, మానసిక సమస్యకి వాడే లిథియం, గుండె లయకి వాడే అమియోడరోన్ లాంటి మందుల వల్ల వచ్చినవి వేరే కథ, మీది ఏదో డాక్టరుగారే చెప్పాలి. థైరాయిడ్ మీదికి వెళ్ళే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసే యాంటీ టీపీవో పరీక్ష చేశారో లేదో చూడండి, అది పాజిటివ్ అయితే హషిమోటో అని దాదాపు తేలినట్టే. ఒకసారి తేలాక ఆ అంకె ఎంత తగ్గిందో అని నెలనెలా చేయించుకోవాల్సిన అవసరం లేదు, చికిత్స నడిచేది టీఎస్‌హెచ్‌ని బట్టే.

ఈ "జీవితాంతం" అనే మాట విన్నరోజు నేను చాలా ఏడ్చాను. తర్వాత ఎక్కడో చదివిన ఒక సంగతి నన్ను నిలబెట్టింది. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ డాక్టరు దగ్గరికి థైరాయిడ్ పూర్తిగా మందగించిన ఒకావిడ వచ్చింది. వయసు 46. అప్పటికి ఈ జబ్బుకి మందు లేదు. మొహం ఉబ్బి, మాట మొద్దుబారి, కదలిక తగ్గి, అలా అలా మనిషి పోవడమే. ఆయన గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి తీసిన రసం ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆవిడ తేరుకుంది, ఆ తర్వాత నోటి ద్వారా అదే మందు తీసుకుంటూ మరో 28 ఏళ్ళు బతికి 74వ ఏట కన్నుమూసింది. ఆవిడ ఒక్కదాని కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు కావాల్సి వచ్చాయట. మనకేమో పొద్దున్నే చిన్న మాత్ర, అది మన శరీరం తయారుచేసే థైరాక్సిన్‌కి ఏమాత్రం తేడా లేని పదార్థం. బయటి మందు అలవాటు చేసుకుంటున్నాం అనే బాధ నాకు ఆ రోజుతో పోయింది. ఒంట్లో తక్కువైంది భర్తీ చేసుకుంటున్నాం.

మాత్ర ఎలా వేసుకుంటున్నారో మీరు రాయలేదు, ఇక్కడే నా సొంత కథ చెప్పాలి.

జబ్బు తేలిన రెండో ఏడు, మోకాళ్ళ నొప్పులని వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే కాల్షియం రాశారు. నేను థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ పొద్దున్నే ఒకే గ్లాసు నీళ్ళతో వేసుకునేదాన్ని, ఒకేసారి అయిపోతుంది కదా అని. ఆ డాక్టరు నేను ఇంకేం వాడుతున్నానో అడగలేదు, నేను చెప్పలేదు. థైరాయిడ్ చూసే డాక్టరుకి కాల్షియం సంగతి తెలియదు. టీఎస్‌హెచ్ దిగదు, డోసు 100 నుంచి 125, అక్కడి నుంచి 150. తొమ్మిది నెలలు ఇలా గడిచాయి. ఒకరోజు రక్తపరీక్ష కోసం వరుసలో కూర్చుంటే పక్కనున్న పెద్దావిడ నా చీటీ చూసి, "ఈ మాత్రతో పాటు పొద్దున ఇంకేం వేసుకుంటావమ్మా" అని అడిగింది. చెప్పాను. "అయ్యో, రెండిటికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి, కాల్షియం దాన్ని ఒంటబట్టనివ్వదు" అంది. అంతమంది చదువుకున్నవాళ్ళు అడగని ప్రశ్న ఆవిడ అడిగింది, ఎందుకంటే ఆవిడకూ ముందే అలా జరిగింది.

ఆ మర్నాటి నుంచే కాల్షియం రాత్రికి మార్చేశాను. అప్పుడు నేను చేసిన తప్పు ఏంటంటే, మార్చినట్టు డాక్టరుకు చెప్పలేదు. 150 మైక్రోగ్రాములూ పూర్తిగా ఒంటబట్టడం మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి గుండె దడ, చేతుల వణుకు, రాత్రుళ్ళు నిద్ర లేదు, పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.05. ఎక్కువ డోసు చాలాకాలం సాగితే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు. డాక్టరు 100కి తగ్గించారు, ఇప్పటికీ దాదాపు అక్కడే ఉన్నాను. ఆ పెద్దావిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఆ మాట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే ఆ రెండు నెలలూ నాకు తప్పేవి. సాటి రోగి సాయం అంటే ఏంటో, దాని హద్దు ఎక్కడో, నాకు ఆ ఒక్క ఏడాదిలోనే రెండూ తెలిశాయి.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది: పరగడుపున మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా వద్దు, కాఫీ మందును పీల్చుకోనివ్వదు. పొద్దున హడావిడిలో కుదరకపోతే రాత్రి పడుకునే ముందు, తిన్న మూడు గంటల తర్వాత వేసుకోవచ్చు, కొంతమందికి అదే బాగా కుదురుతుంది, డాక్టరుతో చెప్పి మార్చుకోండి. ఇనుము, కాల్షియం మాత్రలకీ, అవి కలిసిన మల్టీవిటమిన్లకీ నాలుగు గంటల ఎడం. ఎసిడిటీ మందులు రోజూ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా? అది మందుకు అడ్డం రాదు కానీ కొన్ని ల్యాబు పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపించి డోసు ఎక్కువైందని భ్రమపెడుతుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. మీకు జుట్టు ఊడుతోందని రాశారు కాబట్టే ఇది ప్రత్యేకంగా అడుగుతున్నాను, మీ 3.4 నిజంగా 3.4యేనా అన్నది దీన్నిబట్టి ఉంటుంది. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి, ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకి, వీలైతే ఒకే ల్యాబులో చేయించుకోండి. మాత్రల డబ్బా వేడి, తేమ తగలని చోట పెట్టండి. కంపెనీ మారితే ఆరు వారాలకి ఒకసారి చూపించుకోండి. ఒకరోజు మర్చిపోతే కంగారు పడక్కర్లేదు, ముందే చెప్పాను కదా, ఈ మందు ఒంట్లో నిలిచి ఉంటుంది. వారానికి సరిపడా గళ్ళున్న మాత్రల పెట్టె ఒకటి పెట్టుకుంటే ఇవాళ వేసుకున్నానా లేదా అనే సందేహమే రాదు.

బరువు గురించి రెండు మాటలే. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువభాగం ఉప్పూ నీరూ. బరువు తగ్గడానికి డోసు పెంచమని అడగకండి. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా అని కూడా చాలామంది అడుగుతారు, ఉడికించి మామూలుగా తింటే ఏం కాదు.

ఇక మీరు అసలు అడిగిన దానికి వస్తాను, మనిషి ఎక్కడ దొరుకుతారు అని.

మొదట మీ సొంత కుటుంబంలో అడగండి. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమ్మ తరఫునో నాన్న తరఫునో ఒక పిన్నో అత్తో ఎన్నో ఏళ్ళుగా దిండు కింద మాత్రల సీసా పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వేసుకుంటూ ఉండొచ్చు. నాకు జబ్బు తేలిన మూడేళ్ళకి గానీ మా మేనత్తకి అది ఉందని నాకు తెలియలేదు. "అడగలేదుగా" అంది. తర్వాత మీ డాక్టరునీ, అక్కడి నర్సునీ సూటిగా అడగండి, ఈ జబ్బుతో బాగా నెట్టుకొస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకి ఇష్టమైతే, నా నంబరు ఇవ్వండి అని. వాళ్ళ నంబరు అడగకండి, మీది ఇవ్వండి, అప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు. రక్తపరీక్ష వరుస కూడా మంచి చోటే, నా అనుభవం చెప్పాను కదా.

రోగులు ఇలా ఒకరినొకరు వెతుక్కోవడం కొత్తేమీ కాదు. కెనడాలో డయానా మెల్ట్‌జర్ అబ్రామ్‌స్కీ అనే ఆవిడ 1980లో థైరాయిడ్ రోగుల కోసం ఒక సంస్థ మొదలుపెట్టారు. బ్రిటిష్ థైరాయిడ్ ఫౌండేషన్ 1991లో వచ్చింది, ఇలాంటి సంస్థలన్నీ కలిసి 1995లో అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. మే 25న ప్రపంచ థైరాయిడ్ దినం జరుపుతారు, ఆ చుట్టుపక్కల రోజుల్లో చాలా ఆసుపత్రుల్లో అవగాహన సభలు పెడతారు, అక్కడికి వెళ్తే మీలాంటివాళ్ళు ఒకేచోట కనిపిస్తారు.

మా కూటం అయితే ఆ వరుసలోని పెద్దావిడతోనే మొదలైంది. ఆవిడ, నేను, ఆవిడకి తెలిసిన ఇంకో ఇద్దరు. ఇప్పుడు పందొమ్మిది మందిమి. నెలలో మొదటి ఆదివారం కలుస్తాం, రెండు గంటలు. మొదట్లో ఏం మాట్లాడుకోవాలో తెలియక రిపోర్టులు చూపించుకునేవాళ్ళం. తర్వాత మెల్లగా అసలు మాటలు బయటికొచ్చాయి. ఒకాయన ఏడాదిపాటు కొలెస్ట్రాల్ మందులు వాడాడు, గొంతు బొంగురుపోయి ఫోన్లో ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు, ఇది ఆడవాళ్ళ జబ్బు కదా అని థైరాయిడ్ పరీక్ష చేయించుకోలేదు. అది చెప్పుకోవడానికి ఆయనకి ఆరు ఆదివారాలు పట్టింది. గుండె జబ్బున్న ఇంకో పెద్దావిడకి డోసు 12.5తో మొదలుపెట్టి చాలా నెమ్మదిగా పెంచారు, పక్కవాళ్ళకి నెలల్లో తగ్గింది నాకెందుకు తగ్గదని ఆవిడ బెంగ. గుండె మీద ఒక్కసారిగా భారం పడకూడదని అలా చేస్తారని మరొకరు చెప్పాక కుదుటపడింది. కాన్పైన నాలుగో నెలలో ఒకమ్మాయి వచ్చి ఏమీ మాట్లాడకుండా రెండు గంటలూ కూర్చుని వెళ్ళిపోయింది. మళ్ళీ నెల వచ్చింది. మూడో నెల నోరు విప్పింది, బిడ్డని ఎత్తుకోవాలన్నా చేతులు లేవట్లేదని, తను చెడ్డతల్లినేమో అని. ఆ గదిలో ముగ్గురం ఒకేసారి "నాకూ అలాగే ఉండేది" అన్నాం. ఆ అమ్మాయి మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మందు ఆ పని చేయలేదు చెల్లీ. ఆ తర్వాతి వారమే మేం ఇద్దరం తోడు వెళ్ళి డాక్టరుకు దిగులు సంగతి కూడా చెప్పించాం, దానికి వేరే చికిత్స మొదలైంది.

మా దగ్గర ఒక్క నియమం గట్టిగా ఉంది. ఎవరూ ఎవరికీ డోసు చెప్పకూడదు. "నాది 125, నువ్వూ పెంచుకో" అనే మాట వినిపిస్తే అక్కడే ఆపేస్తాం. బరువు, వయసు, గుండె, గర్భం, థైరాయిడ్ ఎంత మిగిలి ఉంది, వేరే ఏ మందులు వాడుతున్నారు, ఇన్నిటి మీద ఆధారపడే అంకె అది. ఏం అడగాలో చెప్పుకుంటాం, ఎంత వేసుకోవాలో చెప్పుకోం.

ఇంకోటి, ఇది నేను చాలా ఆలస్యంగా గ్రహించాను. మాత్రతో బాగైపోయినవాళ్ళు ఇలాంటి కూటాల్లో ఎక్కువకాలం ఉండరు, వాళ్ళ పనుల్లో వాళ్ళు పడిపోతారు. బాధ తగ్గనివాళ్ళే మిగులుతారు. అందువల్ల కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ జబ్బు ఎవరికీ తగ్గదేమో అనిపిస్తుంది. అది నిజం కాదు, చాలామంది మామూలుగానే బతుకుతున్నారు. మీకు బాగైన తర్వాత కూడా అప్పుడప్పుడు వెళ్ళి కనిపించండి, మిమ్మల్ని చూడటమే కొత్తవాళ్ళకి ధైర్యం. మాకు మొదట దారి చూపిన పెద్దావిడ 30 ఏళ్ళకు పైగా మాత్ర వేసుకుంది, డెబ్బై దాటాక కూడా మెట్లెక్కి వచ్చేది.

దూరంగా ఉండాల్సినవాళ్ళు కూడా దొరుకుతారు. మాత్ర ఆపించి థైరాయిడ్‌ను మూలం నుంచి నయం చేస్తామనేవాళ్ళని నమ్మకండి. మీకు ఎవరో అలా చెప్పారని రాశారు కదా, వద్దు. పిల్లల కోసం చూస్తున్న ఈ సమయంలో అసలే వద్దు. మాత్ర ఆపితే మొదటి రెండు మూడు వారాలు ఏమీ తెలియదు, ఒంట్లో మందు మిగిలి ఉంటుంది కాబట్టి, అదే చూపించి "చూశారా, బాగానే ఉన్నారు" అంటారు. థైరాయిడ్‌కి బలం అని అమ్మే గుళికలు కూడా ముట్టుకోకండి, అలాంటి కొన్నిటిని పరీక్షిస్తే లోపల అసలు హార్మోనే ఉన్నట్టు తేలింది. సముద్రపు నాచు లాంటి అయోడిన్ ఎక్కువున్నవి హషిమోటోని ఇంకా పెంచగలవు. మీ బాధ వినకముందే ఏదో ఒకటి కొనమనే మనిషి మీకు తోడు కాదు.

ఇంట్లోవాళ్ళ సంగతి. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, కంటికి కనబడే జబ్బు కాదు ఇది. "నాకు బాలేదు" అంటే వాళ్ళకి ఏం చేయాలో తెలియదు. "మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా నేను పడుకుంటాను, ఆ గంట నన్ను లేపకండి" అంటే తెలుస్తుంది. మా ఆయన మారింది నా మాటలతో కాదు, ఒకసారి నాతో పాటు డాక్టరు దగ్గరికి వచ్చి, డాక్టరు నోటివెంట విన్నాక. వచ్చేసారి మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళండి, పిల్లల విషయం మాట్లాడాలి కాబట్టి ఆయన రావడం ఎలాగూ అవసరమే.

వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి, మతిమరుపుతో అక్కడికెళ్ళి సగం మర్చిపోతాం. మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నారు. ఇంకేమేం మందులు వాడుతున్నారు, బయోటిన్‌తో సహా. నెలసరి ఎలా ఉంది. ఫెర్రిటిన్, బీ12, యాంటీ టీపీవో చూద్దామా అని. పిల్లల కోసం చూస్తున్నాం, టీఎస్‌హెచ్ ఎంతలో ఉండాలి, గర్భం తేలిన రోజు ఏం చేయాలి అని. ఈలోగా గుండె దడ, వణుకు వస్తే మాత్రం ఆ రోజుదాకా ఆగకండి.

పొద్దున్నే మాత్రతో పాటు ఇంకేదైనా వేసుకుంటున్నారో లేదో నాకు ముందు రాయండి. రిపోర్టు వచ్చాక ఫెర్రిటిన్ అంకె కూడా చెప్పండి. ఊరికే మాట్లాడాలనిపించినా సరే, మా ఆదివారాల అమ్మాయి ఒకామె ఇప్పుడు రెండో బిడ్డ తల్లి, మీతో మాట్లాడతానని తనే అంది, మీకు ఇష్టమైతే మీ నంబరు తనకి ఇస్తాను.